మంగళవారం అందిన కబురు

చోన్-బాగ్ ఊళ్ళో బురుల్‌కి మంచి పేరుంది. ఆ మంచి పేరే చివరికి ఆమె ప్రాణం మీదికి తెచ్చింది.

ఆ పేరు ఎలా వచ్చిందో చెబితే గాని తక్కిన కథ నడవదు. పదిహేనేళ్ళ కిందట, జూన్ నెలలో, కిర్గిజ్‌ల దేశపు పట్నాల్లో కిర్గిజ్‌లూ ఉజ్బెక్‌లూ కొట్టుకు చచ్చినప్పుడు చోన్-బాగ్‌లో ఎవరి ఇల్లూ కాలలేదు. కానీ ఎగువ వీధి కిర్గిజ్‌లు కిందికి పోవడం మానేశారు, దిగువ వీధి ఉజ్బెక్‌లు పైకి రావడం మానేశారు. ఊరంతటికీ కలిపి ఒకటే పెళ్ళి బాణలి, మూడొందల మందికి పులావ్ ఉడికే ఇనప బాణలి. అది దిగువ వీధిలో హోజర్ అవ్వ కొట్టంలో ఉండిపోయింది. ఏడేళ్ళ పాటు ఎగువ వీధి వాళ్ళు పెళ్ళిళ్ళకి నాలుగు చిన్న బాణళ్ళు పెట్టుకుని, ఒకదాంట్లో బియ్యం మాడి ఇంకోదాంట్లో పలుకు మిగిలి, వంటవాణ్ణి తిట్టుకుంటూ గడిపారు. అంతేగాని కిందికి పోయి బాణలి అడగలేదు.

అడిగింది బురుల్. అప్పుడామెకి ఇరవై రెండో ఏడు. అన్న పెళ్ళి రేపనగా ఒక్కతే దిగువ వీధికి నడిచి వెళ్ళి, హోజర్ అవ్వ గుమ్మం ముందు నిలబడి, "అవ్వా, బాణలి కావాలి" అంది. అవ్వ పైనుంచి కిందికి చూసింది. కొట్టం తాళం తీసింది. పెళ్ళయ్యాక బాణలి వెనక్కి పోయేటప్పుడు బురుల్ దాన్ని ఊరికే పంపలేదు. ఎరువు తెచ్చుకున్న గిన్నెని ఖాళీగా తిప్పి పంపితే ఆ ఇంటికి అరిష్టమని రెండు వీధుల వాళ్ళకీ నమ్మకం. నిండా నూనెలో వేయించిన పిండి ముక్కలు, బూర్సోక్‌లు పోసి పంపింది. పదిరోజుల తర్వాత కింది నుంచి ఒక పళ్ళెం నిండా ద్రాక్ష పైకొచ్చింది. ఆ పళ్ళెమూ ఖాళీగా పోలేదు. అలా మొదలైంది.

ఆ తర్వాత గ్రంథాలయం వెనక గదిలో రెండు వీధుల పిల్లలూ శనివారాలు కూర్చోవడం, బురుల్ వాళ్ళకి పెద్ద కావడం, పట్నం నుంచి సంస్థల వాళ్ళు రావడం, గోడ మీద సర్టిఫికెట్లు పెరగడం అన్నీ జరిగాయి. పొద్దున బడిలో మూడో తరగతికి పాఠాలు, మధ్యాహ్నం నుంచి శాంతి. "ఊళ్ళని కలుపుతావు సరే, నువ్వు ఒక మగాడితో ఎప్పుడు కలుస్తావే?" అని తల్లి ఉల్కాన్ వారానికి రెండుసార్లయినా అడిగేది. బురుల్ నవ్వి ఊరుకునేది. ఆమెకి కావలసింది మగాడు కాదు, బెల్‌ఫాస్ట్.

గొడవలు చూసిన దేశాల నుంచి, తమ ఊళ్ళలో సయోధ్య కోసం పనిచేసే కుర్రవాళ్ళని ఏటా కొందరిని పిలిచి, మూడు నెలలు బెల్‌ఫాస్ట్‌లో పెట్టుకుని, అక్కడి మనుషులు రెండు మతాల పేటల మధ్య లేచిన గోడలతో ఎలా వేగారో చూపించి పంపుతారు. కొలంబియా నుంచి, లెబనాన్ నుంచి, శ్రీలంక నుంచి వస్తారు. దేశానికి ఒకరు. వయసు ముప్పై నిండకూడదు. బురుల్ నాలుగుసార్లు దరఖాస్తు పెట్టింది, నాలుగుసార్లూ "చింతిస్తున్నాం" అని వచ్చింది. ఆ ఊరి గోడ బొమ్మ ఫోన్ ముఖాన పెట్టుకుని ఐదేళ్ళయింది. ఇది ఐదోసారి, ఆఖరిసారి. నవంబరులో ఆమెకి ముప్పై నిండుతాయి.

ఈసారి ఆమెతో పాటు మొహ్లరాయ్ కూడా పెట్టింది.

మొహ్లరాయ్ హోజర్ అవ్వ మనవరాలు. బురుల్ బాణలి అడగడానికి వెళ్ళిన రోజు తలుపు చాటు నుంచి తొంగిచూసిన పద్నాలుగేళ్ళ పిల్ల. ఇప్పుడు ఇరవై రెండు. దాన్ని శనివారం గదికి చెయ్యిపట్టుకుని తీసుకొచ్చింది బురులే, నలుగురిలో మాట్లాడటం నేర్పింది బురులే, దరఖాస్తు కాగితం చేతికిచ్చి "నువ్వూ పెట్టు, అలవాటవుతుంది" అన్నదీ బురులే. ఆ "అలవాటవుతుంది"లో ఎంత ధీమా ఉందో చూడండి.

బురుల్ తన కాగితాల్లో పదకొండు పేజీలు నింపింది. ఎన్ని సభలు, ఎంతమందికి శిక్షణ, ఏ ఏడు ఎన్ని శనివారాలు, అన్నీ. బాణలి ఊసెత్తలేదు. వంటపాత్రల సంగతి దొరల ముందు ఏం బాగుంటుందని. మొహ్లరాయ్ ఒకటే పేజీ రాసింది. అది మొత్తం బాణలే. తలుపు చాటు నుంచి తను చూసింది చూసినట్టు రాసి, తప్పులు దిద్దమని బురుల్ ముందు పెట్టింది.

"అక్కా, ఇందులో నీ పేరు పెట్టనా?" అనడిగింది.

"ఎందుకులే" అంది బురుల్.

ఆ "ఎందుకులే"కి అర్థం "పెట్టు" అని తెలియని ఆడపిల్ల ఎక్కడైనా ఉంటుందా? ఉంది. "సరే అక్కా" అని ఆ పిల్ల "ఒక అమ్మాయి" అని రాసేసింది. బురుల్ కామాలూ చుక్కలూ దిద్దుతూ లోపల జాలి కూడా పడింది, పాపం ఇంత చిన్న కథకి ఎవరు పిలుస్తారని.

సెప్టెంబరు ఆఖరి మంగళవారం, బడి వదిలే వేళకి రాజధాని బిష్కెక్‌లోని ఆఫీసు నుంచి పెరిజాత్ ఫోన్ చేసింది. ఈ వ్యవహారమంతా చూసే మనిషి ఆమే.

"బురుల్, మొహ్లరాయ్ ఎక్కడుంది? రెండురోజుల నుంచి ఫోన్ కలవట్లేదు."

"అడవిలో ఉందండీ. అక్రోట్ కాపు కదా, ఇంటిల్లిపాదీ పైకి పోయారు. అక్కడ సిగ్నల్ ఉండదు."

"అయ్యో. తనకి వచ్చింది తెలుసా, బెల్‌ఫాస్ట్! ఆ బాణలి కథ చదివి అక్కడివాళ్ళు ఒకటే పొగడ్త. చూడు, శుక్రవారం సాయంత్రం ఆరులోపల తను స్వయంగా నాకు ఫోన్ చేసి వస్తానని ఒప్పుకోవాలి. వీసా కాగితాలకి అదే గడువు. లేకపోతే రిజర్వులో ఉన్నవాళ్ళకి పోతుంది." అక్కడ పెరిజాత్ కాస్త నీళ్ళు నమిలింది. "రిజర్వులో ఉన్నది నువ్వే. అందుకే నిన్ను అడగడానికి మొహమాటంగా ఉంది. కానీ తను నీ నంబరే ఇచ్చింది, ఇంకెవరిని అడగను?"

"అదేంటండీ, నేను చెబుతాను కదా" అంది బురుల్. గొంతు మామూలుగానే ఉంది. తర్వాత నల్లబల్ల తుడిచింది. తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది.

నా బాణలి, అనుకుంది. అడిగింది నేను. కాళ్ళు వణికింది నాకు. బూర్సోక్‌లు వేయించి చేతులు కాల్చుకున్నది నేను. అది చేసిందేమిటి? తలుపు చాటు నుంచి చూసింది. చూసినందుకు బెల్‌ఫాస్టా!

ఆ సాయంత్రం కడుపులో మొదలైన మంట రొట్టె తిన్నా పోలేదు, టీ తాగినా పోలేదు. మొహ్లరాయ్ నవ్వు గుర్తొచ్చింది, పట్నం వాళ్ళొచ్చి ఫొటోలు తీసినప్పుడల్లా అదే ముందుండటం గుర్తొచ్చింది. దానికి ఇరవై రెండు, ఇంకా ఎనిమిదేళ్ళు దరఖాస్తులు పెట్టుకోవచ్చు. తనకి మిగిలింది రెండు నెలలు. ఇందులో న్యాయం ఎక్కడుందని పొయ్యినీ, పిల్లినీ, గోడమీది సర్టిఫికెట్లనీ అడిగింది.

ఊరి నుంచి అడవికి జీపు ఆగకుండా పోతే రెండు గంటలు. బుధవారం పోవచ్చు. కానీ బుధవారం వాన పడింది. గొడుగు వేసుకోవలసినంత వాన కూడా కాదు, అయినా వాన వానే కదా అనుకుంది. గురువారం పిల్లలకి లెక్కల పరీక్ష ఉంది. కాపు రోజుల్లో సగం పిల్లలు అడవిలోనే ఉంటారు, ముప్పై మందిలో తొమ్మిదిమంది వచ్చారు. ఆ తొమ్మిదిమందికే పరీక్ష పెట్టి, కూర్చుని దిద్ది, ఏడుగురికి ఐదుకి ఐదు వేసింది. ఇంటికొచ్చి అటక మీది నీలం పెట్టె దించింది. తుడుద్దామనే దించింది. తుడిచాక రెండు స్వెట్టర్లు పెట్టి చూసింది, పడతాయో లేదోనని.

తల్లి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఎక్కడికే ప్రయాణం?"

దాచడం బురుల్ వల్ల కాలేదు. మూడు రోజులుగా ఒక్కతే మోస్తోంది, నోరు తెరిస్తే అన్నీ వచ్చేశాయి. ఉల్కాన్ మొత్తం విని, స్వెట్టర్ తీసుకుని చక్కగా మడిచి పెట్టెలో పెట్టింది.

"దానికేముందే. రేపు సాయంత్రం దాకా నోరు మూసుకో. ఎవరికి తెలుస్తుంది? అడవిలో ఉన్నదాన్ని వెతికి పట్టుకోవడం నీ పనా? నీకు రాసిపెట్టుంది కాబట్టే అది కొండెక్కి కూర్చుంది."

మూడు రోజులుగా బురుల్ తనకి తాను చెప్పుకుంటున్న మాటలు ఇవే. లోపల ఉన్నప్పుడు ఎంతో సబబుగా తోచాయి. ఇప్పుడు అమ్మ నోట్లోంచి బయటపడేసరికి, ఎవరో తన లోపలి బట్టలు తీసుకెళ్ళి వీధిలో ఆరేసినంత సిగ్గేసింది.

"రేపు వెళ్తానులేమ్మా" అంది.

"వెళ్ళు వెళ్ళు. పిచ్చిదానా."

వెళ్తానన్నది నిజమే. కానీ మనసు మారిందనుకుంటే పొరపాటు. ఆమె ఇంకో లెక్క వేసుకుంది. శుక్రవారం బడయ్యాక రెండింటికి బయల్దేరుతుంది. తాష్మత్ జీపులో వెళ్తుంది. తాష్మత్ జీపు దారిలో రెండుసార్లు ఆగకుండా అడవి చేరినట్టు ఎవరూ ఎరగరు. ఐదున్నరకి చేరుతుంది. మొహ్లరాయ్‌కి చెబుతుంది. సిగ్నల్ దొరికే గుర్రపు రాయి దగ్గరికి దిగేసరికి ఆరు దాటుతుంది. "అయ్యో, ఎంత పని జరిగింది! నేనొచ్చాను కానీ..." అంటుంది. కబురు మోసిన పేరు దక్కుతుంది, బెల్‌ఫాస్టూ దక్కుతుంది. ఏడుపు ముఖం ఎలా పెట్టాలో కూడా అద్దంలో చూసుకుంది. ఊళ్ళని కలిపిన పిల్ల.

శుక్రవారం తాష్మత్ జీపు ఆగలేదు. మొదటి ఎక్కుడులో దగ్గలేదు, రెండో ఎక్కుడులో పొగ కక్కలేదు. వాగు దాటాక తాష్మత్ మీసం దువ్వుకుని, "ఏమ్మా టీచరమ్మా, కొత్త పంపు వేయించా. గుర్రంలా లేదూ?" అన్నాడు.

"నిదానంగా పోనీ మామా. ఏం తొందర?"

"నువ్వు తొందరలో ఉన్నట్టుంటేనే పోనిస్తున్నా. చేతులు నలిపేసుకుంటున్నావు."

నాలుగు కాకముందే అడవిలో దించేశాడు. అక్రోట్ బస్తాలు ఎక్కించుకుని వెంటనే తిరుగు ప్రయాణమన్నాడు.

గుడారాల మధ్య పొగ, పచ్చి తొక్కల వగరు వాసన. మగవాళ్ళు చెట్లెక్కి కొమ్మలు ఊపుతున్నారు, కింద ఆడవాళ్ళు వంగి ఏరుతున్నారు. హోజర్ అవ్వ గుడారం ముందు కూర్చుని రాయితో తొక్కలు కొడుతోంది. తలెత్తి బురుల్‌ని చూసింది. బడికి వేసుకునే తెల్ల చొక్కా, మడమల చెప్పులు, చేతిలో సంచి లేదు, భుజాన గోతం లేదు. కాపు రోజుల్లో వట్టి చేతులతో అడవికి వచ్చే మనిషి కబురు తెచ్చిన మనిషే. అవ్వ చేతిలో రాయి ఆగిపోయింది.

"మంచా, చెడా?"

ముసలామె ముఖం తెల్లబోయింది. కూతురు మాస్కోలో పనిచేస్తోంది, మొహ్లరాయ్ తల్లి. ఆ భయం చూసేసరికి బురుల్ వేసుకున్న లెక్కలన్నీ గాలికి పోయి, చిన్నప్పటి నుంచి నాలిక మీదున్న మాట దానంతటదే బయటికొచ్చింది.

"మంచే అవ్వా, మంచే! సుయున్చు!"

ఆ మాట అంటే ఇక వెనక్కి లేదు. సుయున్చు అన్నవాళ్ళు శుభవార్త తెచ్చినట్టు, విన్నవాళ్ళు ముందు కానుక ఇచ్చి ఆ తర్వాత కబురు వినాల్సినట్టు. నలుగురూ లేచి వచ్చారు. చెట్టు కింద నుంచి మొహ్లరాయ్ పరుగున వచ్చింది. తొక్కల రసానికి చేతులు మోచేతుల దాకా నల్లబడిపోయాయి. వచ్చింది వచ్చినట్టు బురుల్‌ని వాటేసుకుంది.

"అక్కా! నీకు వచ్చింది కదూ! బెల్‌ఫాస్ట్ వచ్చింది కదూ! నేను చెప్పలా అవ్వా, ఈసారి అక్కకి వస్తుందని? చెప్పలా?"

అంటూనే చెవుల జూకాలు ఊడదీసింది. వెండి జూకాలు, తల్లి మాస్కో నుంచి పంపినవి. స్నానానికి కూడా తియ్యదు వాటిని. బురుల్ అరచెయ్యి తెరిచి పెట్టి, వేళ్ళు మూసింది. "ఇదిగో నీ సుయున్చు. ఇప్పుడు నోరు తెరిచి చెప్పు, నీ నోటితో వినాలి." కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతోంది, తుడుచుకుంటే ముఖమంతా మసి అయింది.

దానికి వచ్చిందేమోనన్న ఆలోచనే దానికి లేదు. బురుల్ ఆ ముఖం చూస్తూ నిలబడిపోయింది. ఇంకొకరికి మేలు జరిగితే మనిషి ఇలా కూడా ఉండొచ్చా? నటన ఏమో అని వెతికింది. ఎక్కడా దొరకలేదు. దొరక్కపోయేసరికి మంట ఇంకా పెరిగింది. నీకు రాని బెల్‌ఫాస్ట్ కోసం నువ్వు ఇంత సంబరపడితే, నాకు రాని బెల్‌ఫాస్ట్ కోసం మూడు రోజులు నేనేం చేశానే, ముదనష్టపుదానా, అని లోపల తిట్టుకుంది. దాన్నో, తన్నో.

వాచీలో నాలుగూ పది. ఒక్కసారి తలాడిస్తే చాలు. అబద్ధం కూడా కాదు, రెండు గంటలు గడిస్తే నిజమే అవుతుంది.

బురుల్ తలాడించింది.

గోలగోలగా అరిచారు అందరూ. ఎవరో జేబుల నిండా అక్రోట్లు పోశారు. హోజర్ అవ్వ మోకాళ్ళు పట్టుకుని లేచి నిలబడింది. ప్రయాణం పోయేవాళ్ళని దీవించకుండా పంపరు. ఆమె రెండు అరచేతులూ చాచింది, చుట్టూ ఉన్నవాళ్ళంతా చాచారు. బురుల్ కూడా చాచింది, ఒక చేతిలో జూకాలతో.

"బిడ్డా, బాణలి అడగడానికి నువ్వొచ్చిన రోజు నేను నిన్ను కిటికీలోంచి చూశా" అంది అవ్వ. "మా గుమ్మం దాకా వచ్చి రెండుసార్లు వెనక్కి తిరిగావు. మూడోసారి తలుపు కొట్టావు. నీ కాళ్ళు వణికినట్టు ఇంతవరకూ ఎవరికీ చెప్పలా. నీ దారి తెల్లగా ఉండాలి. ఏ తలుపు కొట్టినా తెరుచుకోవాలి. ఎక్కడ నిలబడ్డా నీ మాట నిజమై నిలబడాలి. ఓమిన్."

"ఓమిన్" అని అందరూ ముఖాలు తడుముకున్నారు. బురుల్ చేతులు గాలిలో అలాగే ఉండిపోయాయి. ఓమిన్ అనకపోతే దీవెన అంటదు. దొంగిలించిన దీవెనకి ఓమిన్ అంటే ఏమవుతుందో ఆమెని పెంచిన ముసలమ్మలు చిన్నప్పుడే నూరిపోశారు. అందరూ ఆమెనే చూస్తున్నారు.

"అనవే తల్లీ" అంది అవ్వ.

"అవ్వా, ఆగు. నాకు కాదు." "నాకు కాదు వచ్చింది. మొహ్లరాయ్‌కి. ఆరులోపల ఫోన్ చెయ్యాలి. లేకపోతే పోతుంది. నిలబడి చూస్తావేమే, నడువు!"

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అర్థం చేసుకునే టైము కూడా బురుల్ ఇవ్వలేదు. నల్లటి చెయ్యి పట్టుకుని జీపు దగ్గరికి లాక్కుపోయింది. అప్పటికే బస్తాలు ఎక్కించేసిన తాష్మత్ ఇద్దరినీ వాటి మీదే కూర్చోబెట్టాడు. పైకి వచ్చేటప్పుడు గుర్రంలా పరిగెత్తిన ఆ జీపు, కిందికి దిగేటప్పుడు సగం దారిలో తుమ్మి ఆగిపోయింది. తాష్మత్ కొత్త పంపుని అమ్మనా బూతులు తిట్టాడు. ఇద్దరూ దూకి పరుగు పెట్టారు. బురుల్ చెప్పు మడమ విరిగితే రెండూ విసిరేసి మేజోళ్ళతో పరిగెత్తింది. రాళ్ళు గుచ్చుకుంటుంటే, ఇదేం ఖర్మరా దేవుడా, దీన్ని బెల్‌ఫాస్ట్ పంపడానికి నా కాళ్ళు చీల్చుకోవాలా అని ఏడుపొచ్చింది. ఆగలేదు మాత్రం.

గుర్రపు రాయి చేరేసరికి ఆరుకి పన్నెండు నిమిషాలు. బురుల్ తన ఫోనే తీసి కలిపింది. గాలికి వినబడదని స్పీకర్ పెట్టింది. ఆ ఒక్క పని చెయ్యకుండా ఉండాల్సింది.

"వస్తానండీ" అంది మొహ్లరాయ్ ఆయాసపడుతూ. "ఒప్పుకుంటున్నా. వస్తా."

"అమ్మయ్య!" అంది పెరిజాత్. "ఇంకాసేపైతే ఫైలు మార్చేసేదాన్నే. ఏమ్మా, మంగళవారం మధ్యాహ్నం బురుల్‌కి చెప్పాను, ఇప్పుడా ఫోన్ చేసేది? ఇన్ని రోజులు ఏం చేశారు మీరిద్దరూ?"

మొహ్లరాయ్ ఫోన్ మీది నుంచి కళ్ళెత్తి బురుల్‌ని చూసింది. మంగళవారం నుంచి శుక్రవారం దాకా రోజులు ఒక్కొక్కటీ ఆ ముఖంలో దాటడం బురుల్ చూసింది. ఇప్పుడంటుంది, ఇప్పుడు ఉమ్మేస్తుంది అనుకుంది. ఉమ్మేస్తే బాగుండుననీ అనుకుంది.

"అక్క మంగళవారమే కబురు పెట్టిందండీ" అంది మొహ్లరాయ్ ఫోన్‌లోకి, తడుముకోకుండా. "మా అవ్వ ఒప్పుకోలా. తనని ఒప్పించేసరికి ఇప్పటిదాకా పట్టింది. ఆలస్యం నాదే, ఏమనుకోకండి."

"సరే సరే. పెద్దవాళ్ళతో అంతే. శుభం" అని పెరిజాత్ పెట్టేసింది.

ఇద్దరూ రాయి మీద కూలబడ్డారు. బురుల్ తెల్ల చొక్కా మీద వీపున రెండు, భుజాన ఒకటి, నల్లటి చేతి ముద్రలున్నాయి. అక్రోట్ మరక సబ్బుకి పోదు, సున్నానికీ పోదు.

బురుల్‌కి ఒకటే ఆలోచన. తనైతే ఏం చేసేది? దీని చోట తను ఉండి, తనకి ఎవరైనా ఇలా చేస్తే, ఊరూరా డప్పు వేసేది. ఆ గ్రంథాలయం గుమ్మం తొక్కనిచ్చేది కాదు. ఇదేమో ఊపిరి కూడా తీసుకోకుండా కాపాడేసింది. ఎక్కడ నేర్చుకుంది? నేను నేర్పలేదే. నాకే రాదు. బెల్‌ఫాస్ట్ కోసం మూడు రోజులు పడిన అసూయ ఈ అసూయ ముందు ఏపాటి? బెల్‌ఫాస్ట్ టికెట్ కొంటే వచ్చేది. ఈ గుణం ఏ దరఖాస్తు పెడితే వస్తుంది?

అరచేతిలో జూకాలు ఇంకా ఉన్నాయి. గట్టిగా పట్టుకుని పరిగెత్తినందుకు కొక్కేలు చర్మంలోకి దిగాయి. చెయ్యి చాచి, "తీసుకో" అంది.

"ఇచ్చిన సుయున్చు వెనక్కి తీసుకోకూడదక్కా." మొహ్లరాయ్ జూకాల వైపు చూడలేదు.

"వానకి రాలేకపోయాననుకుంటున్నావేమో, కాదు..."

"వద్దక్కా. చెప్పొద్దు."

కింద లోయలో ఎవరి గాడిదో ఓండ్రపెట్టింది. మొహ్లరాయ్ ముక్కు ఎగబీల్చి, ఎప్పటి గొంతుతో మాట్లాడాలని చూసింది. సగమే వచ్చింది.

"అక్కడ బాణలి సంగతి అడుగుతారు కదా. కాగితంలో ఒక అమ్మాయి అని రాశా. అక్కడ నీ పేరు చెప్పనా?"

ఐదేళ్ళుగా బురుల్ వినాలనుకున్న మాట అది. బెల్‌ఫాస్ట్‌లో, ఆ గోడ పక్కన, దేశదేశాల వాళ్ళ ముందు తన పేరు. నోరూరింది. నిజంగానే నోరూరింది.

"వద్దు. ఒక అమ్మాయి అనే చెప్పు" అంది.

"సరే అక్కా" అంది మొహ్లరాయ్.

అంత తొందరగా సరే అనకపోతేనేం, ఒక్కసారి బతిమాలితే ఏం పోయిందని బురుల్‌కి కళ్ళనీళ్ళు తిరిగాయి.